తోటి ఉద్యోగి బాధ చెప్పుకుంటే: గుట్టు దాటకుండా తోడుండటం ఎలా

సీ షిఫ్ట్, అంటే రాత్రి షిఫ్ట్ దిగి కంపెనీ బస్సులో ఇంటికి వస్తున్నాం. పక్క సీట్లో మా సెక్షన్ కుర్రాడు. కిటికీ అద్దానికి తల ఆనించాడు గానీ నిద్రపోవట్లేదు. విశాఖలో ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక, "అన్నా, రేపట్నుంచి రాబుద్ధి కావట్లేదు" అన్నాడు. పై అధికారి రెండు నెలలుగా అందరి ముందూ తల్లి పేరెత్తి తిడుతున్నాడట. ఇంట్లో చెప్పలేదట. కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగట్లేదట.

వినడం బాగానే విన్నాను. తర్వాత చేసిందే తప్పు. ఏం చేస్తే బాగుంటుందో సలహా అడుగుదామని నాకు బాగా దగ్గరైన స్నేహితుడికి చెప్పాను. ఒక్కడికే. అతను వాళ్ళావిడకు చెప్పాడు. ఆవిడా, ఆ కుర్రాడి భార్యా ఒకే అపార్ట్‌మెంట్. సాయంత్రం లిఫ్ట్ దగ్గర "మీ ఆయన ఉద్యోగం మానేస్తున్నాడటగా?" అని అడిగేసింది. మర్నాడు బస్సులో ఆ కుర్రాడు నన్ను చూసి వెనక సీట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. మూడు నెలలు తిరక్కుండా వేరే యూనిట్‌కి మార్పించుకుని వెళ్ళిపోయాడు. తిట్టినవాడి వల్ల ఎంత కుంగిపోయాడో నా వల్లా అంతే కుంగిపోయాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత ఒక్కొక్కటిగా నేర్చుకున్నవి ఇక్కడ చెబుతున్నాను. దీన్ని పీర్ సపోర్ట్ అంటారు. అధికారి కాదు, హెచ్‌ఆర్ కాదు, డాక్టరూ కాదు. మనతో పాటే క్యారేజీ తెచ్చుకుని మనతో పాటే పంచింగ్ చేసే మనిషి, మనకు కష్టమొస్తే పక్కన కూర్చుని వింటాడు, విన్నది కడుపులో పెట్టుకుంటాడు. మేం దాన్ని "తోడు" అనుకుంటాం. వినడం చాలామందికి వచ్చు. కడుపులో పెట్టుకోవడమే నేర్చుకోవాల్సిన పని. మా విశాఖలో అది ఇంకా కష్టం, ఎందుకంటే ఇక్కడ పని చేసేచోటి మనుషులే కాలనీలో పక్కింటివాళ్ళు. బస్సు ఒకటే, పిల్లల స్కూలు ఒకటే, ఆదివారం చేపల బజారు కూడా ఒకటే. ఒక చెవిన పడిన మాట సాయంత్రానికి సెక్టారు దాటిపోతుంది.

మొదలుపెట్టే ముందు

ఒక్కరే మొదలుపెట్టొద్దు. కనీసం ముగ్గురు, నలుగురు ఉండండి. అందులో ఆడవాళ్ళు తప్పనిసరి. పర్మినెంట్ వాళ్ళే కాకుండా కాంట్రాక్టు కార్మికుల్లోంచి కూడా ఒకరు ఉండాలి, ఎందుకంటే కాంట్రాక్టు మనిషి పర్మినెంట్ మనిషి దగ్గర నోరు విప్పడు. ప్రతి షిఫ్టులో ఒకరు అందుబాటులో ఉండేలా చూసుకోండి. ఎవరికైనా హాజరు వేసే అధికారం, ఇంక్రిమెంటు రాసే అధికారం ఉంటే వాళ్ళు ఎంత మంచివాళ్ళైనా ఈ పనికి వద్దు. వాళ్ళ మంచితనాన్ని నేను శంకించట్లేదు. ఎదుటివాడు మాట్లాడేటప్పుడు సగం మనసు ఆ ఇంక్రిమెంటు మీదే ఉంటుంది.

మనుషుల్ని ఎంచుకోవడానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది. వాళ్ళు మీతో ఎప్పుడైనా వేరేవాళ్ళ సొంత విషయం చెప్పారా? "నీకొక్కడికే చెబుతున్నా" అని మొదలుపెట్టి ఎవరి గురించైనా చెప్పినవాళ్ళు, రేపు మీ గురించి కూడా అలాగే మొదలుపెడతారు.

తర్వాత యాజమాన్యం నుంచి ఒక కాగితం తీసుకోండి. నోటిమాట చాలదు, మేనేజర్లు మారుతుంటారు. ఆ కాగితంలో రెండు విషయాలు ఉంటే చాలు: తోడుగా ఉండేవాళ్ళను "ఎవరొచ్చారు, ఏం చెప్పారు" అని ఎవరూ అడగకూడదు, వాళ్ళతో మాట్లాడినందుకు ఎవరి మీదా చర్య ఉండకూడదు. కంపెనీ ఆ కాగితం ఇవ్వనంటే పీర్ సపోర్ట్ అన్న పేరు పెట్టకండి. స్నేహితులుగా ఒకరికొకరు తోడుండండి గానీ, లేని రక్షణ ఉన్నట్టు బోర్డు పెడితే నమ్మి వచ్చినవాళ్ళను మోసం చేసినట్టే.

ఎక్కడ కూర్చోవాలి

దీన్ని చిన్న విషయం అనుకోకండి. సగం గుట్లు మాట వల్ల పొక్కవు, చోటు వల్ల పొక్కుతాయి. మీరు తోడు ఇచ్చే మనిషి అని అందరికీ తెలిశాక, మీతో క్యాంటీన్ మూలలో అరగంట కూర్చున్నవాళ్ళెవరో చూస్తే చాలు, మిగతాది జనమే అల్లుకుంటారు.

క్యాంటీన్ వద్దు. కంపెనీ బస్సు అసలే వద్దు, అక్కడ నిద్రపోతున్నట్టు కనిపించేవాళ్ళంతా నిద్రపోరు. గేటు బయట టీ బడ్డీ వద్దు. ఋషికొండ, మధురవాడ వైపు ఐటీ ఆఫీసుల్లో మీటింగ్ గదులన్నీ అద్దాలే. లోపల ఏడుస్తున్న మనిషి ఫ్లోర్ అంతటికీ కనిపిస్తారు. అద్దాలు లేని గది, ఎవరైనా ఏ పనికైనా వెళ్ళొచ్చే గది చూసుకోండి. స్టోర్స్ పక్క గది, ఫస్ట్ ఎయిడ్ గది, పాత రికార్డుల గది లాంటివి.

బయట అయితే మనకు సముద్రం ఉంది. ఎదురెదురుగా కూర్చుంటే మన మొహంలోకి చూస్తూ చెప్పాలి. సముద్రం వైపు తిరిగి పక్కపక్కన కూర్చుంటే ఇద్దరం అలల్ని చూస్తూ మాట్లాడతాం. మాట ఆగిపోయినా ఇబ్బందిగా ఉండదు, ఆ హోరు ఖాళీని నింపేస్తుంది. నోరు పెగలనివాళ్ళు కూడా అక్కడ మాట్లాడటం నేను చాలాసార్లు చూశాను. అయితే ఆర్కే బీచ్‌కి ఆదివారం సాయంత్రం వెళ్ళకండి, సగం ఊరు అక్కడే ఉంటుంది. మామూలు రోజు మధ్యాహ్నం, బీ షిఫ్టుకి ముందు, జోడుగుళ్ళపాలెం దగ్గర తెన్నేటి పార్కు బెంచీలు ఖాళీగా ఉంటాయి. ఇద్దరూ విడివిడిగా వెళ్ళండి, విడివిడిగా రండి. ఒకే బండి మీద వెళ్తే ఎవరో ఒకరు చూస్తారు.

మగవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒక చెల్లెలో అక్కో మీతో మాట్లాడాలంటే, మీ ఉద్దేశం ఎంత మంచిదైనా బీచ్‌లో ఒంటరిగా మీ ఇద్దర్నీ చూస్తే లోకం ఆమెనే అంటుంది. అలాంటప్పుడు మీ బృందంలోని మహిళతో మాట్లాడించండి. ఆమె మీతోనే మాట్లాడతానంటే చోటు ఆమెనే చెప్పమనండి.

మొదటి మాట మీది కావాలి

వాళ్ళు నోరు తెరవకముందే మీరు ఒక విషయం చెప్పాలి. "ఏం చెప్పినా నా దగ్గరే ఉంటుంది" అని ఒట్టు పెట్టేయకండి, ఎందుకంటే అది పూర్తిగా నిజం కాదు. నేను చెప్పేది ఇలా ఉంటుంది:

"తమ్ముడూ, నువ్వు చెప్పేది మీ ఇంట్లో గానీ మా ఇంట్లో గానీ ఆఫీసులో గానీ నా నోటి నుంచి రాదు. కాకపోతే మూడు సందర్భాల్లో మాత్రం నేను ఇంకొకరికి చెప్పక తప్పదు. నీ ప్రాణానికి ముప్పుందనిపిస్తే, నీ వల్ల ఇంకొకరి ప్రాణానికి ముప్పుందనిపిస్తే, పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళ మీద లైంగిక దాడి సంగతైతే. అప్పుడు కూడా ముందు నీకు చెప్పే చేస్తాను. సరేనా? ఇప్పుడు చెప్పు."

ఆ మూడోదానికి కారణం చట్టం. 18 ఏళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. అప్రెంటిస్‌లుగా 17 ఏళ్ళ పిల్లలు కూడా వచ్చే చోట ఇది గుర్తుండాలి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. లాయరుకు చెప్పిన మాటకు చట్టంలో ఉన్న రక్షణ మనకు చెప్పిన మాటకు లేదు. విషయం కోర్టుదాకా వెళ్ళి మనల్ని సాక్షిగా పిలిస్తే "చెప్పను" అనే హక్కు మనకు ఉండదు. కేసు అయ్యే అవకాశమున్న విషయమని అనిపిస్తే ఈ మాట మొదట్లోనే చెప్పండి. ఇది వింటే బెదిరిపోయి లేచి వెళ్ళిపోతారేమోనని నాకు భయంగా ఉండేది. ఇప్పటిదాకా ఎవరూ వెళ్ళలేదు. హద్దు ముందే చెప్పిన మనిషి మీద నమ్మకం కుదురుతుందే తప్ప తగ్గదు.

వినేటప్పుడు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మరో రెండు సంస్థలతో కలిసి, ఆపద తర్వాత మనుషులకు మానసికంగా అందించాల్సిన ప్రథమ చికిత్స గురించి ఒక చేతిపుస్తకం తెచ్చింది. దాని సారం మూడు పనులు: చూడండి, వినండి, సాయానికి కలపండి. మనం చేసే పొరపాటు ఏమిటంటే, చూడటం, వినడం వదిలేసి నేరుగా మూడోదానికి దూకుతాం.

మన నోటికి అలవాటైపోయిన కొన్ని మాటలు ఉన్నాయి. వాటిని మింగేయండి. "సర్దుకుపో." "ఉద్యోగమన్నాక ఇవన్నీ మామూలే." "నాకైతే ఇంతకన్నా ఘోరం జరిగింది తెలుసా?" "ఎందుకు ఊరుకున్నావు, అప్పుడే చెంప పగలగొట్టాల్సింది." "రిజైన్ చేసి పారెయ్." మొదటి రెండూ ఆ బాధను చిన్నది చేస్తాయి. మూడోది వాళ్ళ బాధ మధ్యలోకి మన బాధను తెచ్చి కూర్చోబెడుతుంది. నాలుగోది తప్పు వాళ్ళదే అన్నట్టు ఉంటుంది. ఐదోది, పిల్లల ఫీజులు, ఇంటి లోను మనం కట్టం కదా.

మరి ఏం అనాలి? చాలా తక్కువ. మా మధ్య ఒకసారి జరిగిన మాటలు చెబుతాను, మనిషి ఎవరో తెలియకుండా వివరాలు మార్చి.

"అందరి ముందూ ఫైలు మొహం మీద విసిరాడన్నా."

"మొహం మీదే?"

"ఇక్కడ తగిలింది. ఆడపిల్లలు కూడా ఉన్నారు. నవ్వారు ఇద్దరు."

నేనేమీ అనలేదు. అతను చెప్పు కొనతో ఇసుకలో గీతలు గీస్తూ కూర్చున్నాడు. రెండు, మూడు నిమిషాలు పట్టింది.

"తిట్టినందుక్కాదన్నా. ఆ నవ్వు. ఏటి చేసినా ఆ నవ్వే ఇనిపిస్తంది."

నేను ఆ రెండు నిమిషాలు ఆగకపోయి ఉంటే, పై అధికారి గురించే మాట్లాడుతూ కూర్చునేవాళ్ళం. అసలు ముల్లు గుచ్చుకున్న చోటు వేరే ఉంది. మాట ఆగినప్పుడు మీరు నింపకండి. వాళ్ళు వాడిన మాటనే తిరిగి అడగండి, వాళ్ళ బాధకు మీరు పేరు పెట్టకండి. వాళ్ళు "అవమానం" అనకముందే మీరు అనకండి. "డిప్రెషన్" అసలే అనకండి, అది డాక్టరు చెప్పాల్సింది.

చివర్లో ఒక్క ప్రశ్న: "ఇప్పుడు నీకు ఏం కావాలి? వినడమేనా, ఏదైనా చేద్దామా?" చాలామంది వినడం చాలంటారు. అంటే అంతే. మర్నాడు మీరే వెళ్ళి ఆ అధికారిని నిలదీస్తే మీ ఆవేశం తీరుతుంది, వాళ్ళ గుట్టు పోతుంది.

ప్రమాదం చూసినవాళ్ళు

మన ఊరు ఫ్యాక్టరీల ఊరు. ప్రమాదంలో చిక్కుకున్నవాళ్ళకు అంబులెన్సు వస్తుంది, కుటుంబానికి పరిహారం గురించి మాట్లాడతారు. పక్కన నిలబడి చూసినవాణ్ణి మర్నాడు అదే మిషన్ దగ్గర నిలబెడతారు. వాడి గురించి అడిగే దిక్కు ఉండదు. తోడు అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యేది అక్కడే అని నా నమ్మకం.

ఆ రోజు ముందుగా వాళ్ళను ఆ చోటు నుంచి కాస్త పక్కకు తీసుకెళ్ళండి. నీళ్ళివ్వండి. చేతులు వణుకుతుంటే గ్లాసు మీరే పట్టుకోండి. ఇంటికి ఫోన్ కలిపివ్వండి, ఎందుకంటే వార్త టీవీలో చూసి ఇంట్లోవాళ్ళు అప్పటికే గుండెలు చిక్కబట్టుకుని ఉంటారు. బండి నడపనివ్వకండి, ఎవరో ఒకరు ఇంటి గుమ్మందాకా దింపాలి.

"ఏం జరిగింది, ఎలా జరిగింది, అప్పుడు నువ్వేం చూశావు" అని గుచ్చి గుచ్చి అడగకండి. కక్కేస్తే భారం దిగుతుందని మనవాళ్ళు అనుకుంటారు. తనంతట తాను చెబితే వినాలి. బలవంతంగా జరిగిందంతా చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్పష్టంగా చెబుతుంది. సేఫ్టీ విచారణకు వాంగ్మూలం ఇవ్వాల్సి వస్తే అది వేరే పని, వేరే మనుషులు చేయాలి. మీరు పక్కన కూర్చోండి, అంతే. ప్రమాదం వీడియో గ్రూపుల్లో తిరుగుతుంటే ముందు మీ ఫోన్లోది తీసేయండి, మిగతావాళ్ళనూ తీసేయమనండి. అందులో ఉన్నది ఒకరి తండ్రి.

మొదటి కొన్ని రోజులు నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆ వాసన ముక్కుకు తగులుతున్నట్టుండటం సహజం. అది పిరికితనం కాదని నోరు తెరిచి చెప్పండి. మగవాళ్ళకు మరీ చెప్పాలి. నెల దాటినా అలాగే ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్దామని మీరే అనండి. కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ రెండో పేరు చెప్పగానే మన ఊళ్ళో మొహాలు మారిపోతాయని తెలుసు. చిన్నప్పుడు అల్లరి చేస్తే అక్కడ పడేస్తామన్న బెదిరింపు విన్నవాళ్ళమే మనందరం. కాబట్టి చీటీ రాసిచ్చి వదిలేయకండి. మీరు కూడా వెళ్ళి ఓపీ దగ్గర పక్కన కూర్చోండి.

ఆడవాళ్ళ మీద వేధింపు

ఇక్కడ మీకు చట్టం తెలిసి ఉండాలి, ఎందుకంటే గడువు ఉంటుంది. మీరు నెలల తరబడి ఓదారుస్తూ కూర్చుంటే గడువు దాటిపోతుంది.

పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పది మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, బయటి నుంచి ఒకరుండాలి. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలదాకా పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. విచారణ జరిగేటప్పుడు తననో అతన్నో వేరే చోటికి మార్చమని, లేదా 3 నెలలదాకా సెలవు ఇమ్మని ఆమె అడగవచ్చు. ఫిర్యాదు వివరాలు, పేర్లు బయటపెట్టకూడదని అదే చట్టంలోని 16వ సెక్షన్ చెబుతుంది. రాజీ ఆమె అడిగితేనే. డబ్బు పుచ్చుకుని సర్దుకోవడం రాజీ కింద చెల్లదు.

పది మంది కన్నా తక్కువ ఉన్న దుకాణమో క్లినిక్కో అయితే, లేదా వేధించేది యజమానే అయితే, జిల్లా స్థాయిలో లోకల్ కమిటీకి వెళ్ళాలి. ఇక్కడ మనవాళ్ళు ఒకచోట తికమకపడతారు. పరవాడ, అచ్యుతాపురం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. ఇల్లు గాజువాకలో ఉన్నా పని అక్కడైతే వెళ్ళాల్సింది అనకాపల్లి జిల్లా కమిటీకి. షీ-బాక్స్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఇంటి నుంచి కూడా ఫిర్యాదు పెట్టవచ్చు.

ఈ చట్టానికి ముందు సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన నియమాలను విశాఖ మార్గదర్శకాలంటారు. మన ఊరి పేరే అనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకున్నాను. విశాఖ అన్నది ఆ కేసు వేసిన రాజస్థాన్ మహిళా సంస్థ పేరు. బాల్యవివాహం ఆపడానికి వెళ్ళిన ఒక గ్రామ ఉద్యోగిని మీద జరిగిన దాడి ఆ కేసుకు మూలం.

ఇంత చట్టం తెలిసినా, ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె నిర్ణయమే. గడువు చెప్పండి, దారి చెప్పండి, ఆగిపోండి. ఆమె తానుగా ఫిర్యాదు ఇవ్వలేని స్థితిలో ఉంటే తప్ప ఆమె తరఫున వేరేవాళ్ళు ఫిర్యాదు ఇవ్వడం అన్నది సాధారణంగా ఉండదు. ఇవ్వాలనుకుంటే ఆ రోజు ఆమెతో పాటు గది గుమ్మందాకా వెళ్ళే మనిషి ఒకరుండాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, ఉచిత న్యాయ సాయం కోసం 15100. ఈ రెండు నంబర్లూ ఆమె ఫోన్‌లో "టైలర్" అనో "గ్యాస్" అనో పేరుతో పెట్టుకోమనండి. ఫోన్ ఎవరి చేతుల్లో పడుతుందో తెలియదు.

జీతం కోతలు, షిఫ్టుల్లో కక్షసాధింపు లాంటివైతే, 20 మంది, అంతకన్నా ఎక్కువ కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. యూనియన్ ఉంటే దానికి చెప్పవచ్చు. ఎస్సీ, ఎస్టీ మనిషిని వేరే వర్గంవాళ్ళు నలుగురి ముందు కులం పేరుతో దూషిస్తే అది ఆఫీసు గొడవ కాదు, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం.

ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే

"పిల్లల్ని మా తమ్ముడు చూసుకుంటాడులే." "ఇంకెన్నాళ్ళులే." ఉన్నట్టుండి అప్పులన్నీ తీర్చేయడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం. ఇలాంటివి చెవిన పడినా కంట పడినా నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని భయపడతాం. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఎవరూ అడగట్లేదే అని ఎదురుచూస్తున్న మనిషికి ఊపిరి ఆడుతుంది.

అవునంటే ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ నంబరు 14416కి మీ ఫోన్ నుంచే కలిపి స్పీకర్ పెట్టండి. 24 గంటలూ ఉంటుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. అప్పటికే ఏదైనా మింగితే, చేసుకుంటే 112. పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రి ఆలస్యం చేయొద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఇంట్లోవాళ్ళకు చెప్పాలి. ముందు హద్దు చెప్పారు కాబట్టి ఇది నమ్మకద్రోహం కాదు. చెప్పేటప్పుడు కూడా ప్రమాదం ఉందన్నంతవరకే చెప్పండి. ఆఫీసులో ఎవరు ఏమన్నారో ఆ కథంతా ఇంట్లో పెట్టనక్కర్లేదు.

రాత, ఫోను

మీరు ఏమీ రాసుకోవద్దు. నెలకు ఎంతమంది వచ్చారన్న లెక్క చాలు. ఆ లెక్క కూడా సెక్షన్‌వారీగా ఇవ్వొద్దు. ప్యాకింగ్‌లో ఆడవాళ్ళు ఇద్దరే ఉంటే "ప్యాకింగ్, మహిళ, 1" అని రాయడమూ పేరు రాయడమూ ఒకటే.

వాళ్ళు మాత్రం రాసుకోవాలి. తేదీ, సమయం, చోటు, అన్న మాట అన్నట్టుగానే, అక్కడ ఎవరున్నారు. ఏ రోజుది ఆ రోజే, సొంత నోట్‌బుక్కులో, ఇంట్లో పెట్టుకుని. కంపెనీ మెయిల్లో, కంపెనీ ల్యాప్‌టాప్‌లో వద్దు, అవి కంపెనీవి. వాట్సాప్‌లో "సాయంత్రం కలుద్దాం" అన్నంతవరకే. విషయం అందులో రాయడం మొదలుపెడితే "ఫోన్ చెయ్" అని ఆపేయండి. స్క్రీన్‌షాట్ ఎన్ని చేతులు మారుతుందో మన చేతిలో ఉండదు.

కూపీ లాగేవాళ్ళకు

మేనేజరు నవ్వుతూ అడుగుతారు: "మా వాడు మీ దగ్గరికి వచ్చినట్టున్నాడు, ఏంటి సంగతి?" రాలేదని అబద్ధం ఆడకండి, వచ్చాడనీ అనకండి. "సార్, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నది నేను చెప్పను, రేపు మీరొచ్చినా ఇంతే" అనండి. ఎవరడిగినా ఇదే మాట, ఇదే గొంతు. ఒకరి గురించి "రాలేదు" అని, ఇంకొకరి గురించి "చెప్పను" అంటే ఆ రెండోవాళ్ళు వచ్చినట్టు మీరే ఒప్పుకున్నట్టు.

ఇంట్లో ఇంకా కష్టం. రాత్రి అన్నం ముందు మౌనంగా ఉంటే మా ఆవిడ అడుగుతుంది. "ఒకరి కష్టం విన్నాను, మనసు బాలేదు" అంటాను. అక్కడితో ఆపుతాను. ఆమె అడగడం మానేయడానికి ఏడాది పట్టింది.

అన్నిటికన్నా తేలిగ్గా బయటపడేది మన మొహంలో. మర్నాడు బస్సులో పదిమందిలో అతన్ని చూసి, గొంతు తగ్గించి, భుజం మీద చెయ్యి వేసి "ఎలా ఉన్నావు?" అంటే చాలు, చూసేవాళ్ళకు అంతా అర్థమైపోతుంది. నిన్నటిదాకా ఎలా పలకరించారో అలాగే పలకరించండి. రోజూ వెక్కిరిస్తూ ఉంటే రేపూ వెక్కిరించండి.

మీ సంగతి, తర్వాతి సంగతి

విన్నది మీ లోపల కూడా తిరుగుతుంది. బృందంలో ఇంకొకరితో, పేరు, సెక్షన్, ఊరు ఏదీ చెప్పకుండా, "నాకు ఇలా బరువుగా ఉంది" అన్నంతవరకు పంచుకోండి. వరసగా రెండు రాత్రులు నిద్ర పట్టకపోతే కొన్నాళ్ళు ఆ పని ఇంకొకరికి అప్పగించండి. ఎవరైనా రాత్రి 2 గంటలకు చేస్తారేమోనని ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకోకండి. ఆ వేళకు 14416 ఉంది, అది ముందే చెప్పండి.

వారం, పది రోజులకు ఒక్కసారి మీరే అడగండి, ఒంటరిగా ఉన్నప్పుడు. అంతకుమించి వెంటపడొద్దు. గుండె విప్పి చెప్పుకున్నవాళ్ళు కొన్నాళ్ళు మనకు మొహం చాటేస్తారు. మనల్ని చూస్తే ఆ రోజు గుర్తొస్తుంది మరి. మనసు కష్టపెట్టుకోవద్దు, పిలిచి మరీ అడగొద్దు.

ఇసుకలో గీతలు గీసిన ఆ అబ్బాయి నాతో నాలుగు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. ఎండాకాలంలో వాళ్ళ ఊరి నుంచి మామిడిపళ్ళు సంచి నిండా తెచ్చి, బస్సులో ముందు సీటు నుంచి వెనకదాకా అందరికీ పంచుకుంటూ వచ్చాడు. మనిషికి రెండు. నా దగ్గరికి వచ్చి నాకూ రెండే ఇచ్చి, వెనక సీటుకి వెళ్ళిపోయాడు.